చదివి వినిపించినంకనే సంతకం

(మండల మహిళా సమాఖ్య వార్షిక మహాసభ, వర్ధన్నపేట. సంఘం సభ్యురాలి బిడ్డ, వృత్తిరీత్యా నర్సు, చేసిన ప్రసంగం)



నేను మీకు కొత్తదాన్ని కాదు. మా అమ్మ డ్వాక్రా కాలం నుంచి సంఘంలో ఉన్నది. మీటింగు నాడు అమ్మ కొంగు పట్టుకొని వచ్చి, మీ అందరి మధ్య కూర్చొని పొదుపు చిల్లర లెక్కపెట్టిన పిల్లను నేను. ఇప్పుడు హనుమకొండలో ఒక ఆసుపత్రిలో పనిచేస్తున్నాను. వారంలో మూడు సాయంత్రాలు ఒక వొకేషనల్ కాలేజీలో నర్సింగ్ వైపు పోయే పిల్లలకు ఇంగ్లీషు చెప్తున్నాను. మధ్యలో ఏడేండ్లు మస్కట్‌లో పనిచేసి వచ్చాను.

ఊరికి వచ్చినప్పుడల్లా మన అక్కలు నన్ను రెండే ప్రశ్నలు అడుగుతారు. "మా బిడ్డను కూడా పంపాలె, ఎంత పైసలైతయి?" అనేది మొదటిది. "ఇంగ్లీషు ఎన్ని దినాలల్ల వస్తది?" అనేది రెండోది. ఈ రెండు ప్రశ్నలకు జవాబు చెప్పుమని అధ్యక్షురాలు అక్క నన్ను పిలిచింది. చెప్తాను. కానీ ముందు నేను మోసపోయిన సంగతి చెప్పాలి. అది చెప్పకుండా మిగతాది చెప్తే మీకు సగమే తెలుస్తుంది.

నేను పదో తరగతి దాకా జిల్లా పరిషత్ బడిలో తెలుగు మీడియం. తర్వాత వొకేషనల్ ఇంటర్, ఎంపీహెచ్‌డబ్ల్యూ కోర్సు. రెండేండ్లూ ఇంగ్లీషు పేపరు ఉన్నది. గైడు కొనుక్కొని, వ్యాసాలు బట్టీపట్టి పాసైన. మార్కులు మంచిగనే వచ్చినయి. ఇంగ్లీషు మాత్రం రాలేదు. తర్వాత జీఎన్ఎం మూడున్నరేండ్లు. అక్కడ పుస్తకాలన్నీ ఇంగ్లీషే. మొదటి ఆరు నెలలు క్లాసులో కూర్చొని ఏడ్చుడే. ఎట్లనో గట్టెక్కి వరంగల్‌లో నర్సుగా చేరిన. అప్పుడు నా జీతం నెలకు అయిదు వేలు.

2010లో ఒక ఏజెంటు దొరికిండు. గల్ఫ్‌లో నర్సు ఉద్యోగం, లక్షా ఇరవై వేలు కట్టాలన్నడు. ముందు నలభై వేలు అడ్వాన్సు. మా అమ్మ సంఘంలో అప్పు తీసుకొని తెచ్చి ఇచ్చింది. ఫోనులో ఇంటర్వ్యూ అయింది. ఏజెంటు పక్కనే కూర్చొని, "వాళ్లేం అడిగినా ఎస్ సార్ అను, నో అనకు" అని చెప్పిండు. అటునుంచి మూడు ప్రశ్నలు వచ్చినయి. నాకు ఒక్కటి కూడా సరిగా అర్థం కాలేదు. మూడింటికీ ఎస్ అన్న. తర్వాత రెండు పేజీల కాగితం ముందల పెడితే సంతకం కూడా చేసిన.

డ్యూటీకి పోయినప్పుడు ఆ కాగితం జిరాక్సు మా వార్డులో ఉన్న సీనియర్ సిస్టర్‌కు చూపించిన. ఆమె మలయాళీ. చదివి, నా మొఖం చూసి, మళ్లీ చదివింది. "ఇది ఆసుపత్రి ఉద్యోగం కాదమ్మా. ఒకరి ఇంట్లో ఉండి ముసలామెను చూసుకునే పని. వంట చేయాలని రాసింది. ఇల్లు తుడవాలని రాసింది. నువ్వు ఒప్పుకున్నట్టు సంతకం ఉంది" అన్నది. ఆ మూడు ప్రశ్నలు ఏందో నాకు అప్పుడు తెలిసింది. ఇంట్లో ఉంటవా? వంట చేస్తవా? ఇల్లు చూసుకుంటవా? నేను మూడు సార్లు ఎస్ అన్న.

నేను పోనని చెప్పిన. తిరిగి తిరిగి అడిగితే నలభైల పదిహేను వేలు చేతికి వచ్చినయి. మిగతా పైసలు పోయినయి. ఆ అప్పు కిస్తులు మా అమ్మ పత్తి ఏరి, మిరపకాయ తెంపి కట్టింది. నెల కూడా తప్పలేదు. ఎందుకంటే ఆ అప్పు మా అమ్మ ఒక్కదానిది కాదు, సంఘానిది. ఆమె తప్పితే మీరంతా తప్పినట్టే.

అమ్మ నన్ను తిట్టలేదు. ఒక్క మాట మాత్రం అన్నది. "సంఘంల తీర్మానం బుక్కు చదివి వినిపించంది నేను ఏలుముద్ర కూడ ఎయ్యలే. నువ్వు సదువుకున్నదానివి. సదవకుంట సంతకం ఎట్ల పెట్టినవే బిడ్డా?"

అక్కలారా, నేను ఇయ్యాల చెప్పదలచుకున్నది ఆ మాటే. మన సంఘాలలో అక్షరం రానోళ్లు కూడా ఒక పద్ధతి నేర్చుకున్నరు. బుక్కు కీపరు చదవాలె, అందరు వినాలె, తెలియకపోతే మళ్లీ చదవమనాలె, అప్పుడు సంతకం. విదేశానికి పోయే పిల్లకు ఇంగ్లీషు ఎందుకు అంటే ఇందుకే. గొప్పకు కాదు. తన కాగితం తాను చదువుకోవడానికి. తెలియనిది తెలియదని చెప్పడానికి. కాదు అనవలసిన చోట కాదు అనడానికి.

తర్వాత రెండేండ్లు నేను మళ్లీ నేర్చుకున్న. ఏ కోచింగు సెంటరుకు పోలేదు. ఆ సిస్టరే నాకు గురువు. ఆమె చెప్పిన పద్ధతినే ఇప్పుడు నేను పిల్లలకు చెప్తున్నాను.

మొదటిది అంకెలు. ఫోను నంబర్లు, మందు మోతాదులు, టైములు. మనకు ఇంగ్లీషులో వంద దాకా వస్తుందనుకుంటం. వేగంగా చెప్తే రాసుకోలేం.

రెండోది నొప్పుల పేర్లు. మన తెలుగులో నొప్పికి ఎన్ని మాటలున్నయో చూడండి. సలుపు, పోటు, మంట, గుంజుడు, తిమ్మిరి. రోగి ఏ మాట అన్నదో దాన్నిబట్టి మనకు జబ్బు జాడ తెలుస్తది. ఇంగ్లీషులో కూడా అట్లనే వేరువేరు మాటలున్నయి. సలుపుకు త్రాబింగ్, పోటుకు స్టాబింగ్, మంటకు బర్నింగ్. అన్నిటికీ పెయిన్ అని ఊరుకుంటే డాక్టరుకు సగమే చెప్పినట్టు.

మూడోది మర్యాద. మనకు "అండి"లో, "గారు"లో మర్యాద ఉంటది. ఇంగ్లీషులో అవి లేవు కదా అని "గివ్ వాటర్", "కమ్ హియర్" అంటే ఎదుటివాళ్లకు కసురుకున్నట్టు ఉంటది. "కుడ్ యూ ప్లీజ్" అనే మూడు మాటలు మన "అండి" లాంటివి.

నాలుగోది, అన్నిటికన్నా పెద్దది. "నాకు అర్థం కాలేదు, మళ్లీ చెప్పండి" అనే మాట ఇంగ్లీషులో భయం లేకుండా అనడం. ఇది నోటికి రావడానికి నాకు ఆరు నెలలు పట్టింది. మాట కష్టమని కాదు, సిగ్గు.

ఆ మాట ఒక ప్రాణం కాపాడింది. మస్కట్‌లో చేరిన మొదటి ఏడాది, రాత్రి డ్యూటీ. డాక్టరు ఫోనులో ఒక మందు మోతాదు చెప్పిండు. ఆయనది వేరే దేశం, ఆయన ఇంగ్లీషు యాస వేరే. నాకు "ఫిఫ్టీ" అని వినపడింది. అంటే యాభై. ఎందుకో అనుమానం వచ్చింది. "సార్, ప్లీజ్ రిపీట్" అన్న. మళ్లీ అట్లనే వినపడింది. అప్పుడు సిస్టరు నేర్పినట్టు అంకెలు విడదీసి అడిగిన. "ఫైవ్ జీరోనా, వన్ ఫైవా?" "వన్ ఫైవ్" అన్నడు. పదిహేను! యాభై ఇచ్చి ఉంటే ఆ రోగి ఏమయ్యేవాడో తలుచుకుంటే ఇప్పటికీ నా చేతులు చల్లబడతయి. ఆ రాత్రి నన్ను కాపాడింది పెద్ద పెద్ద ఇంగ్లీషు మాటలు కాదు. మళ్లీ అడిగే ధైర్యం.

ఇప్పుడు మీ ప్రశ్నలకు వస్తాను.

ఇంగ్లీషు ఎన్ని దినాలల్ల వస్తది? గోడల మీద "ముప్పై రోజుల్లో ఇంగ్లీషు" అని రాసి ఉంటది. ముప్పై రోజుల్లో పలకరింపులు వస్తయి. పనికి సరిపోయే ఇంగ్లీషుకు రోజూ గంట చొప్పున ఏడాదో రెండేండ్లో పడుతది. అందుకే ఇంటర్ మొదటి ఏడాదిలోనే మొదలుపెట్టాలె. వీసా వచ్చినంక నేర్చుకుందాం అంటే, ఇల్లు కాలినంక బాయి తవ్వినట్టు.

ఏ దేశానికి ఏ పరీక్ష అనేది కూడా తెలిసి ఉండాలె. ఇంగ్లండుకు నర్సుగా పోవాలంటే అక్కడి నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ కౌన్సిల్ రెండు ఇంగ్లీషు పరీక్షలను ఒప్పుకుంటది. ఒకటి ఐఈఎల్‌టీఎస్. అందులో తొమ్మిదికి గాను చదవడం, వినడం, మాట్లాడడం మూడింటిలో 7 రావాలె, రాయడంలో 6.5 రావాలె. రెండోది ఓఈటీ. ఇది వైద్యం పని చేసేవాళ్ల కోసమే పెట్టిన పరీక్ష. రోగి గురించి ఇంకో ఆసుపత్రికి ఉత్తరం రాయమంటరు, రోగితో మాట్లాడినట్టు మాట్లాడమంటరు. ఇందులో మూడింటిలో బి గ్రేడు, రాయడంలో సి ప్లస్ రావాలె. ఒక్కసారి పరీక్ష ఫీజే వేలల్లో ఉంటది. అందుకని సరిగా తయారుకాకుండా, అదృష్టం చూద్దామని ఫీజు కట్టొద్దు.

గల్ఫ్ దేశాలలో నర్సుకు లైసెన్సు పరీక్ష కంప్యూటర్ మీద ఉంటది. ప్రశ్నలు నర్సింగ్‌వే, భాష ఇంగ్లీషు. ప్రశ్న అర్థమైతేనే మనకు వచ్చిన నర్సింగు బయటపడుతది.

ఇంకో సంగతి. అన్ని దేశాలకూ ఇంగ్లీషు సరిపోదు. జర్మనీకి పోవాలంటే జర్మన్ రావాలె, జపాన్‌కు జపనీస్ రావాలె. మన రాష్ట్ర ప్రభుత్వం 2015లో టామ్‌కామ్ అని ఒక సంస్థ పెట్టింది. కార్మిక శాఖ కింద ఉంటది, ఆఫీసు హైదరాబాద్‌లో. విదేశీ ఉద్యోగాలకు మనుషులను పంపడానికి లైసెన్సున్న ప్రభుత్వ సంస్థ అది. నర్సింగ్ చదివిన పిల్లలకు జర్మన్, జపనీస్ నేర్పించి ఆ దేశాలకు పంపే పని కూడా చేస్తున్నది. అయితే ఇంగ్లీషు దండుగ అనుకోవద్దు. ఒక పరాయి భాష నేర్చుకోవడం ఎట్లనో తెలిసిన పిల్లకు రెండోది తొందరగా అబ్బుతది.

వొకేషనల్ కాలేజీ అంటే చిన్నచూపు చూడకండి. ఎంపీసీ, బైపీసీ రానోళ్లు పోయే జాగ అని అంటుంటరు. అక్కడ పిల్ల చేతికి పని వస్తది. ఇంగ్లీషు పేపరు కూడా రెండేండ్లు ఉంటది. ఐటీఐలలో ఎంప్లాయబిలిటీ స్కిల్స్ అనే సబ్జెక్టులో కూడా ఇంగ్లీషు ఉన్నది. చదువు మధ్యల ఆగినోళ్లకు 2014లో మొదలైన దీన్ దయాళ్ ఉపాధ్యాయ గ్రామీణ కౌశల్య యోజన ఉన్నది. 15 నుంచి 35 ఏండ్ల వాళ్లకు, ఆడవాళ్లకైతే 45 దాకా. పనితోపాటు ఇంగ్లీషు, కంప్యూటర్ కూడా నేర్పాలని దాని నియమం. అంతకన్నా ముందు, 2005లో, ఉమ్మడి రాష్ట్రంలోనే ఈజీఎంఎం పెట్టి ఊర్ల పిల్లలకు ఇంగ్లీషు, కంప్యూటర్ నేర్పించిన్రు. మన పెద్ద అక్కలకు గుర్తుండే ఉంటది. అంటే పల్లె పిల్లకు ఇంగ్లీషు కొత్త ముచ్చట కాదు.

కాలేజీలో చేర్పించేటప్పుడు బిల్డింగు చూడకండి. మూడు ప్రశ్నలు అడగండి. ఇంగ్లీషు సారు గాని మేడం గాని రోజూ వస్తరా? క్లాసులో పిల్లలు నోరు తెరిచి మాట్లాడతరా, సారు ఒక్కడే మాట్లాడతడా? మా పిల్ల చేయబోయే పనిలో వాడే కాగితాలు, రోగి షీటో, మిషను పుస్తకమో, బిల్లో, వాటిని చదివిస్తరా? మూడోదానికి జవాబు లేకపోతే అక్కడ పాస్ మార్కుల ఇంగ్లీషే నేర్పుతరు, పని ఇంగ్లీషు కాదు. నేను చదివింది అదే.

ఇంట్లో మనం చేయగలిగిన పని కూడా ఉన్నది. "నాకే రాదు, నేనేం నేర్పుత?" అంటరు మీరు. నేర్పనక్కర లేదు. పొద్దుమీకి ఒక గంట పిల్లకు పని చెప్పకుండా వదిలిపెట్టండి. కొడుకు చదువుకుంటే టీవీ బందు చేస్తం. బిడ్డ చదువుకుంటే గిన్నెలు తోమమంటం. ఆ గంట బిడ్డదే అనుకోండి. మీ గోలీల పట్టీ మీద, బ్యాంకు పాస్‌బుక్కు మీద, విత్తనాల పాకెట్టు మీద ఇంగ్లీషే ఉంటది. "ఏం రాసిందో చదివి నాకు తెలుగుల చెప్పు" అని అడగండి. పిల్ల మీకు చెప్పడం కోసం అర్థం చేసుకుంటది. తప్పు మాట్లాడితే నవ్వకండి. చుట్టాల ముందల "ఏదీ ఇంగ్లీషుల మాట్లాడు" అని నిలబెట్టకండి. మన చేతికి మొదటిసారి పెన్ను ఇచ్చి సంతకం నేర్పినప్పుడు మన గీతలు వంకర పోయినయి. అప్పుడు సంఘంలో ఎవరూ నవ్వలేదు. అందుకే మనకు సంతకం వచ్చింది.

ఇగ పైసల ప్రశ్న. అప్పు చేయాల్సి వస్తే నేర్చుకోవడానికి చేయండి. ఏజెంటు చేతిలో పెట్టడానికి చేయకండి. నేర్చుకున్నది పిల్ల దగ్గరనే ఉంటది, ఆ ఉద్యోగం రాకపోయినా ఇంకో ఉద్యోగానికి పనికొస్తది. చట్టం ప్రకారం లైసెన్సున్న ఏజెంటు తీసుకోవలసిన ఫీజు 30 వేలు, దాని మీద జీఎస్టీ. అంతకు మించి అడిగితే అక్కడనే ఆగండి. ఏజెంటుకు లైసెన్సు ఉన్నదో లేదో కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులో చూడవచ్చు. నర్సులు గల్ఫ్ దేశాలకు పోవాలంటే 2015 నుంచి ప్రభుత్వ ఎమిగ్రేషన్ అనుమతి తప్పనిసరి. "విజిట్ వీసా మీద పో, అక్కడ మార్చుకుందాం" అనేవాడు మంచోడు కాదు. పాస్‌పోర్టుకు ఎమిగ్రేషన్ ముద్ర అవసరమైనవాళ్లు, అంటే పది పాస్ కానివాళ్లు, ఆడవాళ్లయితే 30 ఏండ్లు నిండకుండా ఆ దేశాలలో ఇంటి పనికి పోవడానికి అనుమతి లేదు. అట్ల పోయేవాళ్లకు ప్రవాసీ భారతీయ బీమా యోజన ఉన్నది. రెండేండ్లకు 275 రూపాయలు కడితే 10 లక్షల బీమా. మా కాలంలో ఇవి చెప్పేవాళ్లు లేరు. ఇప్పుడు మీకు తెలిసింది, ఇంకో పదిమందికి చెప్పండి.

చివరగా ఈ మహాసభకు ఒక విన్నపం. మీకు నచ్చితే తీర్మానం చేయండి. విదేశీ ఉద్యోగం కోసం ఏ సభ్యురాలు అప్పు అడిగినా, ఆ ఉద్యోగ కాగితం గ్రామ సంఘం మీటింగులో తెలుగులో చదివి వినిపించినంకనే అప్పు ఇయ్యాలె. చదవవలసింది ఏజెంటు కాదు, పోయే పిల్ల. జీతం ఎంత, పని ఏంది, ఎన్ని గంటలు, ఉండే జాగ ఎక్కడ, పాస్‌పోర్టు ఎవరి దగ్గర ఉంటది, తిరిగి వచ్చే టికెట్టు ఎవరిది. ఈ ఆరు సంగతులు ఆమె మనకు తెలుగులో చెప్పగలిగితే, ఆమెకు పోయేంత ఇంగ్లీషు వచ్చినట్టే. చెప్పలేకపోతే ఆమెను ఆపొద్దు, ఇంకో ఆరు నెలలు నేర్చుకోమనండి. అప్పుడు మా ఇంట్లో జరిగింది మీ ఇంట్లో జరగదు.

కాగితాలు చదవడానికి సాయం కావాలంటే నేను ఆదివారం ఊరికి వస్తూనే ఉంటాను. మా కాలేజీ పిల్లలను కూడా తీసుకొస్తాను. వాళ్లకూ సాధన అయితది.

మా అమ్మ అక్కడ మూడో వరుసలో కూర్చున్నది. మస్కట్ కాగితం వచ్చిన నాడు ఆమెను కూర్చోబెట్టి మొత్తం చదివి తెలుగులో చెప్పిన. గంటన్నర పట్టింది. మధ్యల రెండు సార్లు ఆపి, "ఆ ముక్క మళ్ల సదువు" అన్నది. అంతా విన్నంక, "ఇప్పుడు పెట్టు సంతకం" అన్నది.